వీటెడ్ బర్బన్ విస్కీ ప్రత్యేకత ఏమిటి? దానికి అంత గిరాకీ ఎందుకు?

అమెరికా చట్టం ప్రకారం బర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి భాగాన్ని కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ చేయాలి. మిగిలిన ధాన్యంలో సాధారణంగా రై (గోధుమను పోలిన ఒక ధాన్యం), మొలకెత్తించిన బార్లీ ఉంటాయి. రైకి బదులు గోధుమ వాడితే అది వీటెడ్ బర్బన్.

గోధుమ తియ్యదనాన్ని తెచ్చిపెడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు సంగతి వేరు: మిరియాలను తలపించే రై ఘాటు తప్పుకోవడంతో, మొక్కజొన్న తీపి, ఓక్ చెక్క నుంచి దిగే వెనిల్లా, కారమెల్ రుచులు అడ్డులేకుండా బయటపడతాయి.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ దగ్గర 1935లో, అమెరికాలో మద్యనిషేధం తొలగిన ఏడాదిన్నరకు, ప్రారంభమైన స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీ. దాన్ని నడిపిన జూలియన్ వాన్ వింకిల్‌నే జనం 'పాపీ' అని పిలిచేవారు. 1953లో కెంటకీలోనే లొరెటోలో పాత డిస్టిలరీని కొన్న బిల్ శామ్యూల్స్ కూడా, తరతరాల కుటుంబ విధానాన్ని పక్కనపెట్టి, గోధుమతోనే మేకర్స్ మార్క్ అనే బర్బన్ తయారుచేశారు. వేర్వేరు ధాన్యాల పాళ్లతో రొట్టెలు కాల్చి, రుచి చూసి, ఆ మిశ్రమాన్ని ఎంచుకున్నారని ఆ సంస్థ చెప్పుకునే కథ.

స్టిట్జెల్-వెల్లర్‌లో బట్టీ 1992లో ఆగిపోయింది. పాపీ పేరుతో వచ్చే సీసాలు ఇప్పుడు కెంటకీలోని మరో డిస్టిలరీ బఫెలో ట్రేస్‌లో తయారవుతున్నా, అరుదుగా దొరకడం వల్ల తయారీదారు సూచించిన ధరకు ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. అంత ధరకు రుచి ఒక్కటే కారణమని మాత్రం నేను అనుకోను.