బుడగలు ఆగిపోతే బీరు పాడైనట్టేనా?

ప్రశ్న: మొదటిసారి ఇంట్లో బీరు పెట్టానండీ, 20 లీటర్ల బ్యాచ్. హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వేసిన మరుక్షణం గిన్నె పొంగి స్టవ్ అంతా బంకబంక అయింది. చల్లారేదాకా ఆగే ఓపిక లేక 30 డిగ్రీల దగ్గరే ఈస్ట్ చల్లేశాను. తెల్లారేసరికి ఎయిర్‌లాక్ (మూతకి బిగించే, గ్యాస్ బయటికి పోనిచ్చే నీళ్ల గొట్టం) బుడబుడమని ఒకటే గోల, రెండు రోజులకల్లా ఠక్కున ఆగిపోయింది. మూత తీసి చూస్తే బకెట్ గోడలకు గోధుమరంగు మడ్డి అంటుకుని ఉంది. ఈస్ట్ చచ్చిపోయిందా? ఇంకో ప్యాకెట్ వేయాలా, లేక ఇప్పుడే సీసాల్లో పట్టేయాలా? ఈస్ట్ వేయకముందు సాంపిల్ చల్లార్చి చూస్తే హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది, చక్కెర పులిసేకొద్దీ అంకె దిగుతుంది) 1.048 చూపించింది.

జవాబు: ముందు ఆ మూత పెట్టేయండి. పారబోయకండి, రెండో ప్యాకెట్ వేయకండి, సీసాల జోలికైతే అసలే వెళ్లకండి. ఆ మడ్డి చూసి భయపడక్కర్లేదు, పులిసేటప్పుడు పైకి లేచిన నురగ దిగిపోతూ ఈస్ట్‌నీ హాప్స్ ముక్కల్నీ గోడలకు అంటించి పోతుంది, అంతే. అది కనిపించిందంటే ఈస్ట్ తన పని చేసిందనే అర్థం.

బుడగలు రావట్లేదంటే గ్యాస్ తయారవడం తగ్గిందేమో, లేదా మూత సరిగ్గా బిగుసుకోక పక్కనుంచి పోతోందేమో. తేల్చుకోవడం తేలికే. మూత మధ్యలో వేలితో మెల్లగా నొక్కి అలాగే పట్టుకోండి: ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఒకవైపు ఎక్కి అక్కడే నిలబడితే సీల్ బాగున్నట్టు, వెంటనే రెండువైపులా సమానమైపోతే గాలి ఎక్కడో లీక్ అవుతున్నట్టు.

మీ విషయంలో నా అనుమానం వేడి మీద. మామూలు ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయిగా ఉంటుంది. మీరు 30 దగ్గర వేశారు, పైగా పులుస్తున్నప్పుడు అది సొంతంగా కూడా వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అంత వేడిలో వారం పని రెండు రోజుల్లో అయిపోవడం వింతేం కాదు. కాకపోతే రుచిలో కాస్త ఘాటు, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన తగలొచ్చు, దానికి ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు. వచ్చేసారి బకెట్‌ని చన్నీళ్ల టబ్బులో పెట్టి, తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ వేయండి, చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు నమ్మాల్సింది హైడ్రోమీటర్‌ని, ఎయిర్‌లాక్‌ని కాదు. పులియడం మొదలుపెట్టి పది రోజులయ్యాక శానిటైజ్ చేసిన గరిటెతో కొంచెం తీసి కొలవండి, మూడు రోజులాగి మళ్లీ కొలవండి. (కొలిచింది వెనక్కి పోయకండి, తాగి చూడండి. గ్యాస్ లేని గోరువెచ్చని బీరు, బాగుండదు, కానీ ఎటు పోతోందో తెలుస్తుంది.) రెండుసార్లూ 1.012 వచ్చిందనుకోండి, పని అయిపోయింది. 1.048 లోంచి 1.012 తీసేసి 131.25 తో గుణిస్తే సుమారు 4.7 శాతం ఆల్కహాల్. 1.025 దగ్గరే కదలకుండా ఉంటే అప్పుడు ఆగిపోయినట్టు. బకెట్‌ని కాస్త వెచ్చటి చోటికి మార్చి, అడుగున ఉన్న ఈస్ట్ లేచేలా నెమ్మదిగా తిప్పండి. గట్టిగా కుదిపితే గాలి కలిసి తర్వాత తడి అట్టపెట్టె రుచి వస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి బ్యాచ్‌కి ఐదో రోజే బుడగలు లేవు కదా అని సీసాల్లో పట్టేశాను. ఓ రాత్రి అల్మారాలోంచి ఢాం అని శబ్దం, పరిగెత్తి చూస్తే మూడు సీసాలు పగిలి గాజుపెంకులు చెక్క తలుపులో గుచ్చుకుని ఉన్నాయి. చేయి లోపల లేదు కాబట్టి సరిపోయింది. లెక్క ఇదీ: 20 లీటర్లకు గ్యాస్ కోసం 120 గ్రాముల పంచదార కలుపుతాం. హైడ్రోమీటర్ ఇంకా 0.003 దిగాల్సి ఉండగా సీసాలో పోస్తే, దాదాపు మరో 120 గ్రాములు కలిపినట్టే. కాబట్టి ఎవరైనా "ఇంకో గుప్పెడు వెయ్, నురగ బాగా వస్తుంది" అన్నా వినకండి. పంచదారని కొద్ది నీళ్లలో మరిగించి చల్లార్చి మొత్తం బీరులో ఒకేసారి కలపండి, సీసాకో చెంచా లెక్కన వేస్తే ఒకదాంట్లో ఎక్కువ పడుతుంది. ఒక్క సోడా ప్లాస్టిక్ సీసాలో కూడా పట్టి పక్కన పెట్టుకోండి, నొక్కితే రాయిలా గట్టిపడిందంటే గాజు సీసాల్లోనూ గ్యాస్ పట్టినట్టే.

స్టవ్ సంగతా? హాప్స్ వేసే ముందు మంట తగ్గించాలి, గిన్నె దగ్గరనుంచి కదలకూడదు. ఇది అందరికీ ఒకసారి జరిగేదే.

ప్రశ్న: శుభ్రం విషయంలో ఏ లోటూ చేయలేదు, బకెట్‌ని బ్లీచ్‌తో కడిగాను. అయినా బీరు మందుల వాసన వేస్తోంది. ఇంకొన్నాళ్లు ఉంచితే పోతుందా?

జవాబు: పోదండీ, సారీ. మీ శుభ్రమే కొంపముంచి ఉంటుంది. బ్లీచ్ సరిగ్గా కడగకపోతే మిగిలిన క్లోరిన్, బీరులోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి సరిగ్గా అలాంటి వాసనే పుట్టిస్తుంది, చాలా కొద్దిగా ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువున్నా ఇంతే. మళ్లీ కడగక్కర్లేని బ్రూయింగ్ శానిటైజర్‌కి మారండి, నీళ్లలో క్లోరిన్ పోవడానికి చిటికెడు పొటాషియం మెటాబైసల్ఫైట్ వేయండి.

ప్రశ్న: సీసాల్లో పట్టి ఐదు రోజులైంది, ఆగలేక ఒకటి తెరిచాను. పచ్చి యాపిల్ వాసన, గ్యాస్ లేదు. తప్పెక్కడ?

జవాబు: తెరవడంలో. మూతలు బిగించి గది వేడిలోనే ఇంకో పది రోజులు వదిలేయండి, ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ నిద్రపోతుంది. అప్పటికీ యాపిల్ వాసన ఉంటే మళ్లీ రాయండి.