హుషారు తగ్గిందా, రక్తం తగ్గిందా?

పరుగు, ఆరోగ్యం మీద పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ ఫిజియోథెరపిస్టు జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 39 ఏళ్లు. హనుమకొండలో హైస్కూల్ టీచర్‌ని. మూడేళ్లుగా వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఒక గ్రూపుతో కలిసి పరుగెత్తుతున్నాను. కిందటేడు హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) చేశాను. ఆ ఊపుమీదే వచ్చే జనవరిలో ముంబై ఫుల్ మారథాన్‌కు పేరిచ్చాను. ఆగస్టులో డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 32 వేలకు పడిపోయి ఆస్పత్రిలో చేరాను. తేరుకున్నాక మళ్లీ మొదలుపెడితే రెండు కిలోమీటర్లకే ఆయాసం. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర రెండు చుట్లు తిరిగేసరికి కూర్చుండిపోయాను. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఐరన్ మాత్రలిచ్చారు. స్కూల్లో బాక్స్ తినగానే వేసుకుంటాను, ఆ వెంటనే స్టాఫ్‌రూమ్‌లో చాయ్ తాగుతాం. ఇప్పుడు ఎడమ కాలి ముందు ఎముక, మడమకు జానెడు పైన, నొప్పి పెడుతోంది. శనివారం ఒక్కపొద్దు, ఆదివారం లాంగ్ రన్ నాకు అలవాటు. ఇప్పుడు లాంగ్ రన్ లేదు. మా అత్తమ్మ "సచ్చి బతికినవు, ఇంకా ఉరుకుడేంది" అంటోంది. గ్రూపులో వాళ్లేమో ఆపరేషన్ అయిన 17 రోజులకే మారథాన్ గెలిచిన అమెరికా ఆమె కథ పంపుతున్నారు. అది చదివితే ఇంకా నీరసం. పొద్దున అలారం ఆపేసి పడుకుంటున్నాను. నాలో పట్టుదల చచ్చిపోయిందా? మోటివేషన్ మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు: చెల్లె, ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అంటారు. నీకు 8.6 ఉంది. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ఆక్సిజన్ మోసుకెళ్లేది హిమోగ్లోబినే. అది పావు వంతుకు పైగా తగ్గిన ఒంటితో పొద్దున అయిదుకు లేవబుద్ధి కాకపోతే దానికి పట్టుదలను తిట్టుకోవడం దేనికి? బతుకమ్మ ఆడాలని మనసు లేక కూర్చుండిపోయావా ఆ రోజు? కాళ్లు మొరాయించాయి, అంతే. పొద్దున అలారం ఆపేస్తున్న చెయ్యి కూడా ఆ ఒంటిదే.

నా క్లినిక్‌కు పరుగెత్తేవాళ్లు చాలామంది వస్తారు. "మోటివేషన్ పోయింది మేడం" అన్నవాళ్లకు నేను ముందు మాటలు చెప్పను, రక్త పరీక్షకు పంపుతాను. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీతో పాటు ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, విటమిన్ బీ12 కూడా చూడాలి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో ఫెరిటిన్ చెబుతుంది. థైరాయిడ్ తక్కువున్నా, బీ12 తక్కువున్నా ఇదే నీరసం, ఇదే విసుగు. నీ ఉత్తరంలో హిమోగ్లోబిన్ ఒక్కటే ఉంది. మిగతావి కూడా చేయించి మీ డాక్టర్‌కు చూపించు. డెంగీ తర్వాత వారాల తరబడి నీరసం ఉండటం మామూలే గానీ, రక్తం ఇంతగా తగ్గడానికి అదొక్కటే కారణమని నేననుకోను. ఐరన్ ముందు నుంచే తక్కువుండి, జ్వరం వచ్చాక బయటపడి ఉంటుంది. దూరాలు పరుగెత్తేవాళ్లకు చెమటలో కొంత, పేగుల్లో కొంత ఐరన్ పోతుంది. పాదం నేలకు గట్టిగా తగిలినప్పుడల్లా కొన్ని ఎర్ర రక్తకణాలు కూడా నలిగిపోతాయి. ఆడవాళ్లకు నెలసరి దానికి తోడు. నీకు నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతుంటే గైనకాలజిస్టును కలవాల్సిందే. అటు పోతూనే ఉంటే ఇటు మాత్రలతో ఎంత నింపినా నిలవదు.

ఇక ఆ స్టాఫ్‌రూమ్ చాయ్. చాయ్‌లో ఉండే టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కాల్షియం మాత్ర, పాలు కూడా అంతే. మాత్రకు, చాయ్‌కి మధ్య కనీసం గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. మీ డాక్టర్ సరేనంటే పొద్దున పరగడుపున నిమ్మరసంతో వేసుకో. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడుగు, అలా కూడా బాగానే ఒంటబడుతుంది. మలం నల్లగా వస్తే గాబరా పడకు, ఈ మాత్రలకు అది మామూలే. తోటకూర, గంగవాయిలి కూర, పప్పు వండినప్పుడు పైన నిమ్మకాయ పిండుకో. మాంసం తినేవాళ్లయితే వారానికోసారి మేక కార్జం మంచిది. అయితే కూరలతోనే 8.6 నుంచి 12కు చేరతాననుకోవద్దు, మాత్రలు కావాలి. అన్నీ సరిగ్గా కుదిరితే హిమోగ్లోబిన్ నెలకు ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. 12కు చేరాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు మాత్రలు వాడమంటారు. చాలామంది అంకె బాగవ్వగానే మాత్రలు మానేస్తారు, ఆరు నెలలకు మళ్లీ నా దగ్గరకే వస్తారు.

కాలి నొప్పి సంగతి నాకు వీటన్నిటికన్నా టెన్షన్ పెడుతోంది. చూపుడు వేలి కొనతో ఆ ఎముక మీద పైనుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ రా. బెత్తెడు పొడవునా సలుపుతూ, కాస్త నడిచాక సర్దుకుంటే అది ఎముక పక్కనున్న కండరాల వాపు కావచ్చు. ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర, నొక్కగానే ప్రాణం లేచిపోయేంత నొప్పి ఉంటే మాత్రం, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలిపితే మాత్రం, ఎముకలో సన్నటి పగులుందేమోనని అనుమానించాలి. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని చెప్పి పరుగెత్తి పగులును పెద్దది చేసుకున్నవాళ్లను చూశాను. ఎంఆర్ఐలో అయితే తెలుస్తుంది. ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌ను కలువు. పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. వేరే దారి లేదు.

ఆ నొప్పికి, నీ శనివారానికి సంబంధం ఉండొచ్చు. శనివారం ఒక్కపూట తిని, ఆదివారం తెల్లారకముందే ఇరవై కిలోమీటర్లకు దిగితే కండరాల్లో సరుకుండదు. వారం వారం అదే జరిగితే, ఖర్చుకు తగ్గ తిండి అందక ఎముక తనను తాను బాగుచేసుకోలేదు. ఒక్కపొద్దు విడిచిపెట్టమని నేననను, అది నీకూ దేవుడికీ మధ్య విషయం. రాత్రి అన్నం లేకున్నా ఫలహారం ఉంటుంది కదా. రెండు చపాతీలు, అరటిపండు, గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క, గ్లాసు పాలు. ఆదివారం బయల్దేరే ముందు ఇంకో అరటిపండు. వ్రతం చెడదు, కాళ్లూ చెడవు.

ఆ అమెరికా ఆమె పేరు జోన్ బెనాయిట్. మీ గ్రూపు వాళ్లు పంపింది నిజమే, సగం నిజం. 1984 మార్చిలో పరుగెత్తుతుంటే ఆమె మోకాలు పట్టేసింది. విశ్రాంతి తీసుకున్నా నయం కాలేదు. ఏప్రిల్ 25న డాక్టర్ చిన్న కోత పెట్టి లోపల చూసి, రాపిడి పెడుతున్న పొరను తీసేశాడు. మే 12న ఒలింపిక్ ఎంపిక పందెం గెలిచింది. ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో, ఆడవాళ్లకు మొట్టమొదటిసారి పెట్టిన ఒలింపిక్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. గొప్ప మనిషి, ఆమె అంటే నాకు ప్రాణం. అయితే ఆమె మోకాలు నయమైనది పంతంతో కాదు, కారణం ఎక్కడుందో దొరకడంతో. నీ కారణం కూడా దొరికింది. అది రక్తంలో ఉంది, బహుశా ఎముకలో కూడా. దొరికినదానికి మందు వేయాలి కదా ముందు.

ముంబై ఈసారి వదిలెయ్ చెల్లె. ఇది మెత్తగా చెప్పే విషయం కాదు. 42.195 కిలోమీటర్లకు ఆరోగ్యంగా ఉన్న ఒంటికే నాలుగు నెలల తయారీ కావాలి. నీ రక్తం నిండేసరికే జనవరి అవుతుంది. కట్టిన డబ్బులు పోయాయనే బాధ ఉంటుంది, అందరికీ చెప్పుకున్నామనే బాధ ఇంకా ఎక్కువ ఉంటుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో ఉంటుంది. అందులో మళ్లీ హాఫ్ చెయ్. అది బాగా జరిగితే ఆ వచ్చే జనవరికి ఫుల్ గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు నువ్వు అడిగిన మోటివేషన్. కొన్నేళ్ల కింద నాకు చికున్ గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది, కీళ్ల నొప్పులు నెలల తరబడి పోలేదు. టూత్‌పేస్ట్ మూత తిప్పలేకపోయేదాన్ని. మెట్లు గోడ పట్టుకుని పక్కకు తిరిగి దిగేదాన్ని. ఆ రోజుల్లో నేను వదలనిది ఒక్కటే, పొద్దున అయిదు గంటలకు కట్ట మీదికి వెళ్లడం. పరుగెత్తింది లేదు. బెంచీ మీద కూర్చుని పిల్లలకు స్టాప్‌వాచ్ పట్టుకునేదాన్ని, నీళ్ల సీసాలు అందించేదాన్ని. ఏడుపొచ్చిన రోజులు ఉన్నాయి. అయినా వెళ్లాను, ఎందుకంటే అలవాటు కిలోమీటర్లలో కన్నా ఆ వేళలో ఎక్కువుంటుందని నా నమ్మకం. కిలోమీటర్లు నాలుగు నెలల్లో తిరిగొస్తాయి. పోయిన వేళను మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. ఆ అయిదు గంటలకు నిద్ర, ఫోను, వంట, అన్నీ వచ్చి కూర్చుంటాయి.

కాబట్టి రాత్రి తొందరగా పడుకుని, రేపు అలారం మోగితే లేచి కట్ట మీదికి పో. కాలి సంగతి తేలేదాకా కూర్చునే ఉండు, గ్రూపు వాళ్లకు టైమ్ చూడు. పగులు లేదని తేలితే ఇరవై నిమిషాలు నడువు. నా దగ్గరకు వచ్చేవాళ్లకు హిమోగ్లోబిన్ 10 దాటేదాకా పరుగు వద్దనే చెబుతాను, నీకూ అదే. కాలు ఒప్పుకున్నాక కట్ట రెయిలింగ్ పట్టుకుని ఒంటి కాలి మీద మడమను మెల్లగా పైకి లేపు, మూడు లెక్కపెట్టేదాకా ఉంచు, అంతకన్నా మెల్లగా దింపు. దింపడంలోనే పనంతా ఉంది. పది సార్లకే పిక్క వణుకుతుంది. ఆ తర్వాత పరుగు మొదలు, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మట్టి మీద, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. సిమెంటు రోడ్డు జోలికి అప్పుడే పోకు.

డైరీ ఉంటే అందులో కిలోమీటర్ల గడి కొట్టెయ్. లేవగానే మంచం మీదే నాడి చూసుకుని రాయి. ఎన్ని గంటలు నిద్రపోయావో రాయి, కాలి నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వెయ్, నెలకోసారి హిమోగ్లోబిన్. నాడి మామూలు కన్నా పది ఎక్కువున్న రోజు విశ్రాంతి తీసుకో. 8.6 కాస్తా 9.8 అయిన రోజు, నాడి 84 నుంచి 72కు దిగిన రోజు నీకు కలిగే సంతోషం ఫోన్‌లో వచ్చే వీడియోలు ఇవ్వలేవు.

మీ అత్తమ్మతో కొట్లాడకు. ప్లేట్‌లెట్లు 32 వేలున్నప్పుడు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఆమె ఎంత భయపడిందో నీకు తెలియదు. "జనవరికి పోతలేను అత్తమ్మా, రక్తం నిండినంక చూస్త" అని చెప్పు. గంగవాయిలి కూర రోజూ వండేది ఆమే అవుతుంది.

ప్రశ్న: మేడం, గోదావరిఖనిలో బొగ్గు గనిలో పని. వయసు 46. ఈ మధ్యే 10కె పరుగులు మొదలుపెట్టాను. మెడికల్ చెకప్‌లో బీపీ 160/100 వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు. ఇక పరుగు నా వల్ల కాదనిపిస్తోంది. మానేయాలా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మానేయొద్దు తమ్మీ, ఇప్పటికి ఆగు. బీపీ అదుపులోకి వచ్చేదాకా నడక చాలు. ఈసీజీ, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెను చూసే టీఎంటీ చేయించుకుని గుండె డాక్టర్ సరేనన్నాక మెల్లగా పరుగెత్తు. రోజూ చేసే మితమైన వ్యాయామం బీపీని తగ్గిస్తుంది, ఆ మాత్రలకు నీ పరుగు తోడవుతుంది. ఏ మాత్ర ఇచ్చారో అడిగి తెలుసుకో. కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాచీలో కనబడే అంకెను నమ్మి వేగం పెంచితే దెబ్బతింటావు. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగమే నీ కొలత. మూత్రం ఎక్కువ తెప్పించే మాత్రయితే రామగుండం ఎండల్లో నీళ్లు, ఉప్పు తొందరగా తగ్గిపోతాయి, వేసవిలో పొద్దున ఆరు గంటలకే ముగించు. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా పరుగుకు పోవద్దు, ముందు నిద్ర. పరుగుకు ముందు నొప్పుల బిళ్ల వేసుకునే అలవాటుంటే ఈ రోజే మానుకో, అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, తల తిరగడం, వీటిలో ఏదొచ్చినా అక్కడే ఆగి ఆస్పత్రికి పో.

ప్రశ్న: మేడం, ఆదివారం హాఫ్ మారథాన్ ఉంది. రెండు రోజులుగా 100 జ్వరం, ఒళ్లు నొప్పులు. పారాసెటమాల్ వేసుకుని పరుగెత్తొచ్చా? ఆరు నెలలు కష్టపడ్డాను.
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: వద్దు నాయనా. ముక్కు కారడం వరకైతే మెల్లగా పరుగెత్తమనేదాన్ని. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉన్నప్పుడు పరుగెత్తితే వైరస్ గుండె కండరానికి వాపు తెచ్చే ప్రమాదం ఉంది. పారాసెటమాల్ జ్వరాన్ని దాస్తుంది, ఆ ప్రమాదాన్ని తీసేయదు. జ్వరం తగ్గకపోతే రేపే డెంగీ పరీక్ష చేయించుకో, మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష పనికొస్తుంది. ఈలోపు బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ముట్టుకోకు. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, వీటిలో ఏదున్నా అర్ధరాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లు, హాస్టల్లో ఒక్కడివే పడుకోకు.