బ్యాటరీ మార్చే ముందు వైరు చూడు, అల్లుడూ

సొనాపురం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు బేరం కుదిరిందనీ, జూన్ 14తో వేట నిషేధం అయిపోగానే గోపాల్‌పూర్ నుంచి దించుతావనీ మా అక్క ఫోన్‌లో చెప్పింది. మీ అయ్యా నేనూ విశాఖ హార్బర్‌లో పరాయి బోట్ల మీదే వయసంతా గడిపాం. మన ఇంటికి సొంత ఇంజను బోటు వస్తోందంటే గుండె నిండిపోయింది. కానీ అక్క ఇంకో మాట కూడా చెప్పింది: జీపీఎస్, లోతు చూపే ఎకో సౌండర్ మధ్యమధ్యలో ఆరిపోతున్నాయట, కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుందని అమ్మినాయన అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

టెర్మినళ్లు శుభ్రంగా తుడువు, బిగించు, వాజలిన్ రాయి. నీళ్ల బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పొయ్యి. విప్పేటప్పుడు ముందు మైనస్ తియ్యి, బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది మీ అయ్య సంగతి. 2018లో తిత్లీ తుఫాను పోయాక వచ్చిన శీతాకాలం అది. మేం ఎక్కిన బోటులో కూడా సెట్లు ఇలాగే ఆరిపోయేవి. మీ అయ్య వోల్టులు కొలిచే మీటరు పెట్టకుండానే బ్యాటరీ పోయిందని తేల్చేసి, అప్పు చేసి కొత్తది తెచ్చాడు. నాలుగు రోజులు సెట్లు చక్కగా పనిచేశాయి. అక్కడే మోసపోయాం. బ్యాటరీ మార్చేటప్పుడు వైర్లు కదిలాయి, లోపలి చిలుము కొంచెం రాలింది, అంతే. రోగం వైరులోనే ఉంది.

ఒక రాత్రి మంచులో ఒడ్డుకి వస్తున్నాం. వల సర్దడానికి పెద్ద లైటు వేశారు. వేసీ వెయ్యగానే జీపీఎస్ తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే వెలిగేది, వెంటనే ఆరేది. ఎటు పోతున్నామో తెలీదు. కాసేపటికి కెరటాలు విరిగే చప్పుడు వినిపించింది, అదీ చాలా దగ్గరగా. ఇంజను ఆపి లంగరు వేసి తెల్లారేదాకా అలాగే కూర్చున్నాం. మీ అయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ రాత్రి సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతాడు. నువ్వు ఆయన్ని అడగకు, పాపం.

మర్నాడు హార్బర్‌లో ఎలక్ట్రీషియన్ వచ్చి లైటూ సెట్లూ అన్నీ ఆన్ చేయించి కొలిచాడు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉంది. సెట్టు వెనక 10.2 మాత్రమే. పలకల కింద మైనస్ వైరుని ఎవరో మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. టేపు విప్పితే రాగి అంతా పచ్చగా పొడి అయిపోయి ఉంది. లైటు కూడా అదే వైరు మీద ఉండటంతో, అది వెలిగితే సెట్టుకి కరెంటు చాలేది కాదు.

అందుకే చెబుతున్నా, అల్లుడూ, ఏదీ ఆన్ చెయ్యకుండా బ్యాటరీని కొలిచి సంబరపడకు. ఛార్జింగ్ తీసేసి కొన్ని గంటలు ఆగాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే దాదాపు సగం. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా రావాలి, రాకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌నీ, దాన్ని తిప్పే బెల్టునీ అనుమానించు. ఆ తరవాత అసలు పరీక్ష. అన్నీ ఆన్ చేసి, మీటరు వైరు మొన ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది సెట్టు మైనస్ మీద పెట్టు. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపిస్తే ఆ దారిలో ఎక్కడో జాయింటు చెడింది. ప్లస్ వైరుకీ ఇలాగే చెయ్యి.

వైర్‌లెస్ సెట్టు సంగతి వేరే. వినడానికి బాగానే ఉంటుంది, మాట్లాడే బటన్ నొక్కగానే చచ్చిపోతుంది. 25 వాట్లతో పంపేటప్పుడు అది ఐదారు ఆంపియర్లు లాగుతుంది, బలహీనమైన వైరు అప్పుడే బయటపడుతుంది. కాబట్టి ఒడ్డునే బటన్ నొక్కి, వోల్టేజి ఎంత పడుతోందో చూడు. ఆపదలో ఛానల్ 16లో పిలవాల్సింది దానితోనే. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఫోన్లో వేసుకో, కానీ లోతుకి పోతే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు.

సెల్ఫ్ కొట్టినప్పుడు సెట్లు ఆరి వెలుగుతుంటే భయపడకు, స్టార్టరు కరెంటు లాగేసి వోల్టేజి పడిపోతుంది. సెట్లకి వేరే బ్యాటరీ పెట్టుకో. ఖర్చే, అయినా ఈ ఒక్క దాంట్లో పిసినారితనం వద్దురా. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు వెయ్యి. ఫైబర్ బోటు అంటుకుంటే ఆర్పడం కష్టం. ఛార్జింగ్ పెట్టినచోట మీ కుర్రాళ్లు బీడీ వెలిగిస్తే చెంప మీద ఒకటి వెయ్యి, నేను చెప్పానని చెప్పు. బ్యాటరీ నుంచి వచ్చే గాలి నిప్పు తగిలితే పేలుతుంది.

ఇంకొకటి. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం ఉంటుంది కదా. చీకట్లో జీపీఎస్ పోతే ఆ గీత ఎక్కడుందో తెలీదు. పట్టుబడితే సెట్టు ఆరిపోయిందంటే ఎవరు నమ్ముతారు? తెర ఉన్నా సరే, దిక్సూచి ఒకటి కొని చుక్కాని దగ్గర పెట్టుకో.

నా మీటరు బరంపురం వచ్చే మనిషితో పంపుతున్నాను. దాని బ్యాటరీ కూడా మార్చాను. ఆదివారం పలకలు లేపి, మొదటి జాయింటు నుంచి చివరిదాకా చూసి, రెండు చోట్లా ఎంతెంత వచ్చిందో రాసి నాకు ఫోన్ చెయ్యి. అంకెలు విన్నాకే బ్యాటరీ కొనాలా వద్దా చెబుతాను. అప్పటిదాకా షాపు వైపు వెళ్లకు.

ఇట్లు,
మీ మామ