బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత డిప్రెషన్ మందు ఆపవచ్చా?

ప్రశ్న: నా బరువు 128 కిలోలు. రెండేళ్లుగా డిప్రెషన్‌కు మందు వాడుతున్నాను. గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యాక మానేయవచ్చా?

జవాబు: మీ అంతట మీరు మానకండి. బైపాస్ తర్వాత ఆహారం చిన్నపేగు మొదటి భాగంలోకి వెళ్లదు కనుక మందు సరిగా ఒంటబట్టకపోవచ్చు. నెమ్మదిగా కరిగే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్రలతో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మామూలు మాత్రకో, సిరప్‌కో మారాలా అన్నది ఆపరేషన్‌కు ముందే సైకియాట్రిస్టుతో తేల్చుకోండి.

మొదటి ఏడాది బరువుతో పాటు దిగులూ తగ్గుతుంది చాలామందికి. అసలు జాగ్రత్త ఆ తర్వాతే కావాలి. బరువు తగ్గడం ఆగాక కొందరికి దిగులు తిరగబెడుతుంది. డిప్రెషన్ ఎంత ఉందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9లో స్కోరు 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించండి. విటమిన్ బీ12 కూడా పరీక్ష చేయించండి, అది లోపించినా మనసు కుంగుతుంది. మద్యం జోలికి పోవద్దు, బైపాస్ తర్వాత అది త్వరగా తలకెక్కుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.