హార్మోనిస్టు నటుడు కాలేడని ఎవరన్నారు?

మీ ప్రశ్న ఇదీ: "మా అన్న నాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. ఇప్పుడు నటుడై టీవీ సీరియళ్లలోకి పోతానంటున్నాడు. సంగీతం వచ్చినవాళ్లకు నటన అబ్బుతుందా?"

అబ్బుతుంది. నన్నడిగితే సంగీతం రానివాళ్లకే అబ్బదు.

మా మేనమామది కర్నూలు. పద్యనాటకాలకు హార్మోనిస్టుగా మొదలై, తర్వాత వేషాలు కట్టి, వయసు మళ్లాక సీరియళ్లలో తాత పాత్రలు వేశాడు. తెర లేచాక స్టేజీ మీద పెత్తనమంతా హార్మోనిస్టుదేనని చాలామందికి తెలియదు. హరిశ్చంద్రుడికి జలుబు చేస్తే శ్రుతి ఎంత దించాలో చూసుకునేది ఆయనే. నటుడు పద్యం మర్చిపోయి దిక్కులు చూస్తుంటే రాగం అందుకుని పరువు కాపాడేదీ ఆయనే. హరిశ్చంద్రులు, నక్షత్రకులు ఊరూరికీ మారతారు. ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషి మారడు. అందుకే అందరి పాత్రలూ ఆయనకు నోటికొచ్చేస్తాయి. ఇక రంగు పూసుకోవడం ఒక్కటే మిగిలేది!

ఇది మన సీమకు కొత్తేం కాదు. కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధ ఆడి మొదలుపెట్టిన ఆ నాటక కుటుంబాల్లో పాట, వాద్యం, వేషం అన్నీ ఇంటిల్లిపాదికీ వచ్చేవి. తాడిపత్రిలో పుట్టిన నాటక నటుడు బళ్ళారి రాఘవ పద్యాల్లో రాగాల సాగదీత వద్దన్నాడు కదా అని ఎవరైనా అడ్డు రావచ్చు. సాగదీత వద్దన్నాడు, సరే. తాళజ్ఞానం వద్దనలేదు కదా?

ఆ తాళం టీవీలో ఎలా పనికొచ్చిందో చెప్తాను. ఒకసారి సంచి మోయడానికి నేనూ మామతో హైదరాబాదు షూటింగుకు వెళ్లాను. సీనేమిటంటే, కొడుకు ఆస్తి పంచమంటాడు, తండ్రి నిర్ఘాంతపోవాలి. మాటలు లేవు. డైరెక్టర్ "సార్, లుక్ ఇవ్వండి" అంటాడు. సీరియళ్లలో ఆ లుక్కును మూడు వైపుల నుంచి తీసి, ఢాం ఢాం అని శబ్దం కలుపుతారు. మామకంటే ముందు ఇంకో పెద్దాయన క్లోజప్పు తీశారు. ఆయనేమో రెండు క్షణాలకే రెప్ప వాల్చేస్తున్నాడు, లేదంటే కట్ చెప్పారా అని డైరెక్టర్ వైపు చూసేస్తున్నాడు. టేకుల మీద టేకులు. లైట్ల వేడికి రంగు కారిపోతోంది, అందరికీ టెన్షన్.

మామ వంతు వచ్చింది. కన్ను కదపకుండా చూశాడు, ఉన్నట్టుండి తల దించాడు. మొదటి టేకే ఓకే. రెండో వైపు నుంచి తీసినా అంతే సేపు, మూడో వైపు నుంచీ అంతే. "ఎట్లా పట్టుకున్నారు సార్ అంత కరెక్టుగా?" అని కెమెరామన్ అడిగితే మామ నవ్వి ఊరుకున్నాడు. బయటికొచ్చాక నాతో అన్నాడు: "ఏముందిరా, ఆది తాళం ఒక్క ఆవర్తం. ఎనిమిదో దెబ్బకు తల దించేసినా." పంచె కింద కాలి బొటనవేలితో తాళం వేసుకున్నాడట. యాక్టింగ్ స్కూళ్లకు లక్షలు కట్టేవాళ్లకు ఈ ముక్క ఎవరైనా చెప్తారా?

ఇంత చేస్తే, ప్రసారమైన రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే మామ నోట్లోంచి వేరే ఎవరిదో గొంతు! యాస కుదరలేదని డబ్బింగ్ ఇంకొకరితో చెప్పించారట. ఊళ్లలో మామ గొంతుకే ఒన్స్ మోర్‌లు పడేవి. కర్నూలు యాస ఫ్యాక్షనిస్టు తొడ కొట్టడానికి పనికొస్తుంది గానీ, ఇంటి పెద్ద కన్నీళ్లు పెట్టుకోవడానికి పనికిరాదా? మా అత్తయితే ఆ సీరియల్ మళ్లీ పెట్టనివ్వలేదు. హార్మోనియానికీ ఇదే గతి పట్టింది లెండి. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా పట్టు సడలించలేదు. పద్యనాటకమంతా దాని మీదే నడుస్తుంటే రేడియోకు మాత్రం అది అపశ్రుతి పెట్టె!

మీ అన్నను పొమ్మనండి. ఒప్పుకునే ముందే తన డబ్బింగ్ తనే చెప్పుకుంటానని గట్టిగా మాట తీసుకోమనండి. తాత వేషాలంటే నామోషీ పడొద్దనండి, పని ఎక్కువగా దొరికేది వాటిలోనే. ఊళ్లో నాటకాలు కూడా మానొద్దనండి, అక్కడ తెల్లారేసరికి డబ్బు చేతిలో పెడతారు. సీరియల్ వాళ్ల పేమెంటు గురించి వేరే ప్రశ్న వేయండి, దానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద జవాబుంది.