ఎన్‌పీవీ పాజిటివ్ వచ్చిన ప్రాజెక్టులో డబ్బుకి కటకట ఎందుకు?

కొత్త ఉత్పత్తి లైన్‌కి ఎన్‌పీవీ (వచ్చే నగదు నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) పాజిటివ్ వచ్చింది, బోర్డు సరేనంది, తీరా ఉత్పత్తి మొదలైన ఆరు నెలలకే జీతాలకి ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) వాడాల్సి వచ్చింది, తప్పెక్కడ అని అడిగారు. మీ షీట్ నేను చూడలేదు. కానీ ఒక అనుమానం ఉంది, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను.

విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ ఫైనాన్స్ విభాగంలో చేరిన కొత్త. ప్రాజెక్టు షీట్ నేనే తయారుచేశాను. డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బుని నేటి విలువకి తగ్గించే శాతం) 12 పెట్టాలా, 12.5 పెట్టాలా అని రెండు మీటింగులు కోడిగుడ్డుకి ఈకలు పీకాం. వర్కింగ్ క్యాపిటల్ (బాకీల్లో, నిల్వల్లో ఇరుక్కునే డబ్బు) అని ఒక వరుస ఉంది గానీ దాని నిండా సున్నాలే. పక్కన నేను రాసిన కామెంట్: 'ఉన్న ఓడీ లిమిట్‌లో సర్దుకుంటుంది'. దాని మీద ఒక్కరూ నోరు మెదపలేదు.

అసలు అంకెలు చెప్పలేను కాబట్టి గుండ్రటివి తీసుకుంటాను. మెషీన్లకి 100 పెట్టాం. పన్ను పోను ఏటా 30 నగదు, 5 ఏళ్లు, చివర్లో తుక్కు విలువ సున్నా. 12 శాతం దగ్గర యాన్యుటీ ఫ్యాక్టర్ (5 ఏళ్లు ఏటా వచ్చే ఒక్కో రూపాయికి మొత్తం నేటి విలువ) 3.605, అంటే వచ్చేదాని నేటి విలువ 108.1. ఎన్‌పీవీ 8.1, ఐఆర్‌ఆర్ (ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటు) 15 శాతం పైనే. ఎవరైనా సంతకం పెట్టేస్తారు.

ఇప్పుడు అమ్మకాలు ఏటా 120, అందులో ముడిసరుకు 60 అనుకోండి. కస్టమర్లు 60 రోజులకి కడతారు, అంటే ఎప్పుడు చూసినా 20 బయటే ఉంటుంది. రెండు నెలల సరుకు గోడౌన్‌లో ఉంటుంది, అది 10. సప్లయర్లు మనకి ఇచ్చే అరువు 30 రోజులే, అది 5. ఇరవై, పది కలిపి అయిదు తీసేస్తే 25. ఇది మెషీన్‌తో పాటే మొదట్లోనే పెట్టాల్సిన డబ్బు. 'అయిదో ఏట తిరిగొస్తుంది కదా' అని మా మేనేజర్ అన్నారు. వస్తుంది, కానీ అప్పటి 25 నేటి విలువ 14.2 మాత్రమే. తేడా 10.8 మన నెత్తినే. ఎన్‌పీవీ 8.1 కాస్తా మైనస్ 2.7 అయింది, ఐఆర్‌ఆర్ 11 చిల్లరకి పడిపోయింది. మెషీన్ మారలేదు, మార్జిన్ మారలేదు.

మరి ప్రాజెక్టు వదిలేయాలా? అక్కర్లేదు. వసూలు 60 రోజుల నుంచి 45కి తెస్తే 5 విడుదలవుతుంది. సప్లయర్ల దగ్గర 45 రోజులు అడిగితే ఇంకో 2.5. ఇరుక్కునేది 17.5కి దిగుతుంది, ఎన్‌పీవీ మళ్లీ 0.6 దగ్గర పాజిటివ్. అందుకే ఇప్పుడు సేల్స్ వాళ్లు కస్టమర్‌కి క్రెడిట్ టర్మ్స్ మాటిచ్చే ముందే నేను వెళ్లి కూర్చుంటాను. వాళ్లకి నేనంటే పెద్ద ఇష్టం లేదు లెండి.

సప్లయర్లని సాగదీయడంలోనూ ఒక చిక్కుంది. 30 రోజుల అరువుకి బదులు 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తామని ఎవరైనా అంటే, దాన్ని వదులుకోవడమంటే 20 రోజుల వాడకానికి 98 మీద 2 కట్టడం. ఏడాదికి లెక్కేస్తే 37 శాతం. అంతకంటే ఓడీ వడ్డీయే చవక.

ఇంకోటి. వర్కింగ్ క్యాపిటల్ ఒకసారి పెట్టి మర్చిపోయేది కాదు. అమ్మకాలు ఏటా పెరుగుతాయని షీట్‌లో రాసుకుంటే, ఆ పెరిగినదానికి తగ్గట్టు బాకీలూ నిల్వలూ పెరుగుతాయి. ప్రతి ఏడాది ఆ తేడా మాత్రమే నగదులోంచి తీసేయాలి. మొత్తం తీసేస్తే రెండుసార్లు లెక్కేసినట్టు. వడ్డీ మాత్రం ఈ నగదులోంచి తీయకండి, అది డిస్కౌంట్ రేటులోనే ఉంది.

ఆరు నెలలకే మీకు కటకట వచ్చిందంటే, మెషీన్ అడ్వాన్సు కూడా ఓడీ నుంచే వెళ్లిందేమో ఒకసారి చూడండి. మా దగ్గర అదే జరిగింది. అయిదేళ్లలో తిరిగొచ్చే డబ్బుని, బ్యాంకు ఎప్పుడైనా వెనక్కి అడగగలిగే లిమిట్ నుంచి కట్టేశాం. ముడిసరుకు కొనే వేళకి అందులో ఏమీ మిగల్లేదు. చివరికి టర్మ్ లోన్ (కొన్నేళ్లపాటు వాయిదాల్లో తీర్చే అప్పు) తీసుకుని ఓడీ ఖాళీ చేశాం. మీరు కూడా ముందు ఓడీ స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, ఆ తర్వాత షీట్‌లో వర్కింగ్ క్యాపిటల్ వరుస. సున్నాలు కనబడితే నా అనుమానం నిజమే.