పళ్లాలు మార్చి తూస్తేనే తక్కెడ సంగతి తెలిసేది

అడిగిన ప్రశ్న ఇది: "హైడ్రోజన్‌కూ, వ్యతిరేక ఆవేశమున్న ప్రతికణాలతో చేసిన యాంటీహైడ్రోజన్‌కూ తేడా కనిపించలేదని, జెనీవా దగ్గరున్న కణభౌతిక ప్రయోగశాల సెర్న్ వాళ్లు ప్రతిసారీ చెబుతున్నారు. తేడా లేదని చెప్పడానికి ఇన్నేళ్ల శ్రమ వృథా కాదా?"

కాదు. నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్కన పల్లె. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు మా కళ్లమే గుర్తొస్తుంది.

అప్పుడు నాకు పదేళ్లు. ఆ ఏడు వానలు కలిసొచ్చి శెనక్కాయలు బాగా పండాయి. వ్యాపారి కళ్లంలోకే వచ్చి చింతచెట్టు కొమ్మకు తక్కెడ వేలాడదీశాడు. ఖాళీ పళ్లాలు చూపించి, "చూడు పెద్దాయనా, కాడ ఎంత సమంగా ఉందో" అన్నాడు. నిజంగానే సమంగా ఉంది. మొదటి మూట 39 కిలోలు తూగింది. మా జేజినాయన లేచి, "మూట ఆ పక్కకెయ్యి, రాళ్లు ఈ పక్కకెయ్యి" అన్నాడు. వ్యాపారికి కోపమొచ్చింది. "నమ్మకం లేదా?" అన్నాడు. "మార్చినా అంతే తూగుతాది కదప్పా, నీకేం భయం?" అన్నాడు జేజినాయన.

మార్చి తూస్తే 41.

కాడలో ఒక చెయ్యి రవ్వంత పొడవు. ఖాళీగా ఉన్నప్పుడు అది బయటపడకుండా పొట్టి చెయ్యి వైపు పళ్లాన్ని కొంచెం బరువుగా చేయించారు. మూట అసలు బరువు 40. మధ్యాహ్నానికి పక్క ఊరి నుంచి ఇంకో తక్కెడ తెప్పించారు. జేజినాయన దాన్నీ వదల్లేదు, పళ్లాలు మార్చి తూయించాడు. రెండుసార్లూ 40 వచ్చింది. అప్పుడుగానీ మూటలు బండెక్కలేదు. రెండో తక్కెడలో తేడా లేకపోవడం మాకు ఆ ఏడాది పంట డబ్బు. దాన్ని వృథా అని ఎలా అంటాం?

సెర్న్‌లో యాంటీహైడ్రోజన్‌ను కొలిచే ఆల్ఫా బృందం చేసేది కూడా పళ్లాలు మార్చి తూయడమే. కణాల బదులు ప్రతికణాలు పెట్టి, ఎడమను కుడి చేసి, కాలాన్ని వెనక్కి తిప్పితే, మూడూ కలిపి మార్చినప్పుడు ప్రకృతి నియమాలు మారకూడదు. దీన్నే సీపీటీ సౌష్ఠవం అంటారు. ఇవాళ కణాల గురించి మనకున్న సిద్ధాంతమంతా దీనిమీదే నిలబడింది. ఇది నిజమైతే యాంటీహైడ్రోజన్ వర్ణపటం, అంటే అది మింగే, వెలువరించే కాంతి రంగుల గీతలు, హైడ్రోజన్‌వి ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి, వెంట్రుకవాసి కూడా జరగకూడదు.

"అది ఎలాగూ నిజమే కదా" అనేవాళ్లకు పాత సంగతి ఒకటి చెప్పాలి. అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు మార్చినా నియమాలు మారవని అందరూ నమ్మేవారు. 1957లో శాస్త్రవేత్త వూ రేడియోధార్మిక కోబాల్ట్-60తో చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కూల్చింది. అద్దంతోపాటు ఆవేశాన్ని కూడా మారిస్తే సరిపోతుందనుకున్నారు. 1964లో క్రోనిన్, ఫిచ్ అనే శాస్త్రవేత్తలు కేయాన్లనే కణాలలో అదీ తప్పని చూపించారు. రెండుసార్లూ మనవాళ్లు ఖాళీ తక్కెడ చూసి నమ్మారు. మూడో నమ్మకాన్ని, అంటే సీపీటీని, తూయకుండా వదిలెయ్యమంటే నేను ఒప్పుకోను.

తూయడం ఎంత కష్టమో చూడండి. ప్రోటాన్ల ప్రతికణాలైన యాంటీప్రోటాన్లను నెమ్మదింపజేసి, ఎలక్ట్రాన్ల ప్రతికణాలైన పాజిట్రాన్లతో కలిపితే యాంటీహైడ్రోజన్ పుడుతుంది. గోడను తాకితే చాలు, నాశనమైపోతుంది. అందుకే అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచాలి. 2010లో మొదటిసారి పట్టినవి 38 పరమాణువులు. తర్వాత వాటిమీద 243 నానోమీటర్ల లేజర్ వేశారు. రెండు ఫోటాన్లను ఒకేసారి మింగిన పరమాణువు 1ఎస్ అనే అట్టడుగు శక్తి స్థాయి నుంచి 2ఎస్ అనే పై స్థాయికి ఎగురుతుంది. అలా ఎగిరినవాటిలో చాలా వరకు పట్టు తప్పి గోడకు తగిలి నాశనమవుతాయి. ఆ నాశనాలనే లెక్కపెడతారు. ఆ ఎగురుడుకు సరిపడే పౌనఃపున్యం సెకనుకు సుమారు 2,466 లక్షల కోట్ల కంపనాలు. 2018 నాటి ఫలితంలో లక్ష కోట్లలో 2 వంతుల దాకా హైడ్రోజన్‌తో సరిపోయింది. మామూలు హైడ్రోజన్‌ను అంతకు కొన్ని వందల రెట్లు నిశితంగా కొలిచి పెట్టారు. అంటే ఒక పళ్లెంలో రాళ్లు సిద్ధంగా ఉన్నాయి, రెండో పళ్లెం ఇంకా ఆ స్థాయికి రావాలి.

యూట్యూబ్‌లో మాత్రం యాంటీమేటర్ (ప్రతికణాలతో అయిన పదార్థం) అనగానే బాంబు. మా పిల్లలూ మొదట అదే అడుగుతారు, నాకు బాధేస్తుంది. అంతకంటే పెద్ద బాధ ల్యాబ్‌లో ఉంది. సోడియం దీపం కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే ప్రయోగంలో జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాలని అందరికీ తెలుసు. దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వేసేస్తారు, సీనియర్లే నేర్పుతారు. తూయకుండానే మూటమీద 40 అని రాయడమే కదా అది! అలాంటి రికార్డులు నేను వెనక్కి ఇచ్చేస్తున్నాను. మార్కులు పోతాయని ఇళ్లనుంచి ఫోన్లు వస్తున్నాయి, అయినా ఇస్తున్నాను. పోయిన వారం ఒకమ్మాయి తనకు 5920 వచ్చిందని టెన్షన్ పడుతూ రికార్డు తెచ్చింది. రీడింగులన్నీ తనవే, కొట్టివేతలతో సహా. ఆ బ్యాచ్‌లో నా మొదటి సంతకం ఆ రికార్డు మీదే పడింది.